కోడ్ రాయడం మొదలుపెట్టినవారికి ఎంత పట్టింపు ఉండాలి?

ప్రశ్న (కావలి నుండి)

పెద్దలకు, మిత్రులకు నమస్కారం. మాది కావలి. బీకాం పూర్తి చేసి నాలుగేళ్లుగా మా నాన్నగారి రొయ్యల మేత దుకాణంలో లెక్కలు చూస్తున్నాను. మా దగ్గర మేత తీసుకునే రైతులలో చాలామంది రొయ్యలు పట్టి అమ్మిన తరువాతనే బాకీ తీరుస్తారు కనుక, అంతవరకు ఎవరి పేరు మీద ఎన్ని బస్తాలు వెళ్లాయి, మధ్యలో ఎంత జమ పడింది, ఇంకా ఎంత రావాలి అన్నది చిట్టా పుస్తకంలో రాసుకుంటాము. ఈ లెక్కను కంప్యూటర్‌తో చేయించాలన్న కోరికతోనే ఐదు నెలల క్రితం పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడం మొదలుపెట్టాను; ఉద్యోగం కోసం కాదు.

నాకు సాయంత్రం పూట పాఠం చెప్పే మాస్టారు చాలా నిక్కచ్చి మనిషి. ప్రతి వేరియబుల్‌కూ (విలువను దాచుకునే చోటుకు) చూడగానే అర్థమయ్యే పేరు పెట్టాలి, ప్రతి ఫంక్షన్‌లోనూ (ఒక పని చేసే విడి భాగంలో) అది ఏమి చేస్తుందో ఒక వాక్యం రాయాలి, ఏ విలువ ఏ రకానికి చెందినదో పక్కనే సూచించాలి, ఒక వరుస 79 అక్షరాలు దాటకూడదు. వీటిలో ఏ ఒక్కటి లోపించినా ఆ ప్రోగ్రాం నడుస్తున్నదా లేదా అన్నది కూడా చూడకుండా తిరిగి ఇచ్చేస్తారు. ఆయన విద్వత్తు మీద నాకు అనుమానం ఏమీ లేదు. అయితే ఐదు నెలలలో నేను పూర్తి చేయగలిగినవి తొమ్మిది చిన్న ప్రోగ్రాములు మాత్రమే. ఒంగోలులో ఉన్న నా స్నేహితురాలు వీడియోలు చూసి సొంతంగా నేర్చుకుంటున్నది. నడిస్తే చాలు అన్నది ఆమె పద్ధతి. ఇప్పటికే తమ బట్టల దుకాణానికి బిల్లు ముద్రించే ప్రోగ్రాం రాసింది, వాళ్ల వీధి పిల్లల మార్కుల పట్టిక తయారు చేసింది. ఆమె పని చూసినప్పుడల్లా నేను దారి తప్పానేమో అనిపిస్తున్నది.

మరొక సంగతి కూడా చెప్పాలి. దుకాణం లెక్కల కోసం నేను ఇంట్లో ఒక ప్రోగ్రాం రాసుకున్నాను. అది ఫైలులోని పద్దులను ఒక్కొక్కటిగా చదివి, రైతుల వారీగా బాకీ తేలుస్తుంది. మొదట్లో మధ్యలోనే ఆగిపోతుండేది. ఒక వీడియోలో చూసి, తప్పు వచ్చినా ఆగకుండా పట్టుకునే ట్రై–ఎక్సెప్ట్ అనే నిర్మాణం మధ్య ఆ భాగాన్ని పెట్టిన తరువాత ఆగకుండా చివరిదాకా నడుస్తున్నది. మాస్టారి నియమాలలో సగం కూడా అందులో పాటించలేదు కనుక దానిని ఇప్పటివరకు ఆయనకు చూపించలేదు.

నాలాంటి కొత్తవారు మొదటి రోజు నుండే ఇంత పట్టింపుగా ఉండడం అవసరమా? అవసరమైతే అన్నిటిలోనా, కొన్నిటిలోనా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (ఒంగోలు, సి భాష బోధించే అధ్యాపకుడు)

అమ్మా, నేను పద్దెనిమిదేళ్లుగా ఇంజనీరింగ్ విద్యార్థులకు సి భాష చెబుతున్నాను. మీ ప్రశ్న నా తరగతి గదిలో ప్రతి సంవత్సరం వినిపించేదే కనుక కొంచెం వివరంగానే రాస్తాను.

మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దిన తరం మాది. గీత వంకర పోయినా, అక్షరం పలక అంచు దాటినా మా అయ్యవారు ఏమీ అనేవారు కాదు. కానీ ‘మ’ రాయవలసిన చోట ‘య’ రాస్తే చెరిపించి, మళ్లీ దిద్దించేవారు. వంకర గీతను చదువుకోవచ్చు, అక్షరం మారితే మాటే మారిపోతుంది. మీ మాస్టారు చెప్పిన నియమాలను ఈ తేడా దృష్టితో చూడండి. ఒక వరుస 79 అక్షరాలు దాటకూడదన్నది వంకర గీతకు సంబంధించిన నియమం. పైథాన్ సృష్టికర్త గైడో వాన్ రోసమ్ తదితరులు 2001లో ఆ భాష ప్రామాణిక లైబ్రరీ కోసం రాసిన శైలి పత్రంలో అది ఉన్నది. ఒక బృందం అందరూ అంగీకరించుకుంటే 99 వరకు పోవచ్చునని ఆ పత్రమే అనుమతిస్తున్నది. ఐదు నెలల విద్యార్థి ప్రోగ్రాంను దాని కోసం చదవకుండా తిరిగి ఇవ్వడం నాకు సమంజసంగా కనిపించడం లేదు. పేర్ల విషయంలో మాత్రం మీ మాస్టారి పట్టింపును నేను పూర్తిగా సమర్థిస్తాను, ఎందుకంటే రెండు నెలల తరువాత మీ ప్రోగ్రాం చదివే పరాయి మనిషి మీరే అవుతారు.

ఇక అక్షరం మారిపోయే చోట్ల సంగతి. మన కళాశాలల్లో చాలా ఏళ్లపాటు సి భాషను టర్బో సి++ మీదే నేర్పాము. అది 1990 దశకం మొదట్లో, డాస్ అనే పాత వ్యవస్థతో నడిచే యంత్రాల కోసం వచ్చిన కంపైలర్, అంటే మనం రాసిన ప్రోగ్రాంను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే పరికరం. కొత్త కంప్యూటర్లలో నడవకపోతే డాస్ అనుకరణలో పెట్టి మరీ వాడాము. దానిలో పూర్ణసంఖ్యకు దక్కేది రెండు బైట్లే కనుక 32,767 దాటిన విలువ అందులో పట్టదు. ఒకసారి నా విద్యార్థి 250 బస్తాలను బస్తా 200 రూపాయల చొప్పున గుణిస్తే, తెర మీద 50,000కు బదులు మైనస్ 15,536 కనిపించింది. కంపైలర్ ఒక్క మాట అనలేదు, ప్రోగ్రాం ఆగలేదు. ఆ కుర్రవాడు జవాబు ముందున్న మైనస్ గుర్తును చెరిపివేసి రికార్డు పుస్తకంలో 15,536 అని రాసుకొచ్చాడు. ఆ రోజు నేను వాని మీద కోప్పడలేదు గాని, అంతవరకు నేను నేర్పిన తీరు మీద నాకు చాలా బాధ కలిగింది. వరుసలు సర్దడం, పైన పేరు, రోల్ నంబరు రాయడం వంటి వాటిలో నేను ఎంతో పట్టుపట్టాను. వచ్చిన జవాబును చేతి లెక్కతో సరిచూసుకోమని ఒక్కసారి కూడా పట్టుపట్టలేదు.

ఆ తరువాత మేము లినక్స్ మీద జీసీసీ అనే కంపైలర్‌కు మారాము. ఇక్కడ కూడా ఒక మెలిక ఉన్నది. సమానమా అని అడిగే రెండు ‘=’ గుర్తుల చోట పొరపాటున ఒకే గుర్తు రాస్తే, ప్రశ్న కాస్తా విలువను మార్చే ఆజ్ఞ అవుతుంది. జీసీసీని మామూలుగా నడిపిస్తే ఈ విషయం చెప్పదు. ‘వాల్’ అనే హెచ్చరికల ఐచ్ఛికాన్ని జోడిస్తేనే చెబుతుంది. పేరులో ‘ఆల్’ ఉన్నా అది అన్ని హెచ్చరికలనూ ఇవ్వదు. మరికొన్నింటి కోసం ‘ఎక్స్‌ట్రా’ అన్న ఐచ్ఛికాన్ని కూడా జోడించాలి. మా విద్యార్థులకు మొదటి తరగతి నుండే ఈ రెండూ పెట్టి నడపడం అలవాటు చేశాను. హెచ్చరిక వస్తే మార్కులు తీయను, కానీ అది ఎందుకు వచ్చిందో చెప్పలేకపోతే ముందుకు పోనివ్వను.

మీ పైథాన్‌లో ఇటువంటివి వేరే చోట్ల ఉంటాయి. ఇన్‌పుట్ ఫంక్షన్ మీరు టైపు చేసిన 12ను సంఖ్యగా కాక అక్షరాల వరుసగా అందిస్తుంది. దానిని అలాగే 3తో గుణిస్తే 36 రాదు, 121212 వస్తుంది. అక్షరాలుగా ఉన్న 9ని, అక్షరాలుగా ఉన్న 10ని పోల్చి చూస్తే 9 పెద్దదని చెబుతుంది, ఎందుకంటే నిఘంటువులో మాటలను పోల్చినట్లు మొదటి అక్షరాన్ని పట్టుకొని పోలుస్తుంది. ఒక వేరియబుల్‌కు విలువ ఇచ్చేటప్పుడు పేరులో ఒక అక్షరం తప్పు రాస్తే, ఆ తప్పు పేరుతోనే కొత్త వేరియబుల్ పుట్టుకొస్తుంది. పాతది పాత విలువతోనే మిగిలిపోతుంది. ఈ మూడింటిలోనూ భాష మౌనంగా ఉంటుంది కనుక మాట్లాడవలసినది మీరే. మీ పట్టింపునంతా ఇటువంటి చోట్ల ఖర్చు చేయండి.

సమాధానం (కోవూరు నుండి)

చెల్లెమ్మా, నేను కోవూరులో ఇంటి నుండే పని చేస్తున్న ప్రోగ్రామర్‌ని. అధ్యాపకుల వారు చెప్పినదానితో నాకు చాలావరకు ఏకాభిప్రాయమే అయినా, పట్టింపు ఎప్పుడు మొదలుకావాలి అన్న విషయంలో నా అనుభవం వేరుగా ఉన్నది.

నేను మొట్టమొదట నేర్చుకోవాలనుకున్న భాష రస్ట్. 2015లో దాని మొదటి స్థిరమైన రూపం వచ్చింది. మొదటి నుండే మంచి అలవాట్లు పడాలంటే అదే సరైనదని ఎవరో చెప్పగా నమ్మాను. ఆ భాషలో ప్రతి విలువకూ ఒకే యజమాని ఉండాలి. ఒక అక్షరాల వరుసను ఒక ఫంక్షన్ చేతికి ఇచ్చేసిన తరువాత, దానిని మళ్లీ పాత పేరుతో వాడబోతే, అది ఇక మీది కాదని కంపైలర్ అడ్డుకుంటుంది. పెద్ద వ్యవస్థలు కట్టేవారికి ఇది గొప్ప రక్షణ. అప్పటికి లూప్ అంటే ఏమిటో సరిగా తెలియని నాకు మాత్రం, నా ఆలోచనలో తప్పు ఉన్నదా, భాష నియమం తెలియక తప్పు వచ్చిందా అన్నది వేరు చేసి చూసుకునే శక్తి లేకపోయింది. మూడు వారాలు పెనుగులాడి మానేశాను. ఆరు నెలలపాటు ప్రోగ్రామింగ్ నాకు చేతకాదనే అనుకున్నాను.

మా పెన్నా డెల్టాలో వరి పండించే వారెవరికైనా ఈ సంగతి తెలుసు: నారుమడిలో విత్తనాన్ని చల్లుతారు, వరుసలు చూడరు. మొలక బలపడి, నారు చేతికి అందిన తరువాత పీకి, నాటేటప్పుడు దూరం పాటిస్తారు. నేను మళ్లీ పైథాన్‌తో మొదలుపెట్టినప్పుడు తొలి రెండు నెలలు ఏ నియమమూ పెట్టుకోకుండా ఇష్టం వచ్చినట్లు రాశాను. నూరు వరుసలు దాటేసరికి నా ప్రోగ్రాం నాకే అర్థం కాకుండా పోయింది. అప్పుడు ఫంక్షన్లుగా విడగొట్టాలన్న నియమం ఎందుకు పుట్టిందో ఎవరూ చెప్పకుండానే తెలిసింది. తరువాత రస్ట్‌కు తిరిగి వెళితే, ఒకప్పుడు వేధింపులా తోచిన సందేశాలే నాకు సాయం చేస్తున్నట్లు కనిపించాయి.

మీ మాస్టారు రాయించే రకాల సూచనల గురించి ఒక మాట చెప్పాలి. ఈ సూచనల పద్ధతి పైథాన్‌లోకి 2015లో, 3.5 రూపంతో ప్రవేశించింది. ప్రోగ్రాం నడిచేటప్పుడు పైథాన్ వాటిని సరిచూడదు. ఒక ఫంక్షన్ పూర్ణసంఖ్యను తీసుకుంటుందని మీరు పక్కన రాసి, దానికి అక్షరాల వరుసను పంపినా అభ్యంతరం చెప్పకుండా పని మొదలుపెడుతుంది. వాటిని సరిచూడాలంటే మైపై వంటి పరికరాన్ని విడిగా నడపాలి. మీరు దానిని నడుపుతున్నారా? నడపకపోతే ఆ సూచనలు మీకు లేని ధైర్యాన్ని ఇస్తాయి. నడిపే పని అయితే తప్పక రాయండి. లేదంటే ఇంకొన్నాళ్లు ఆగవచ్చు.

మీరు రాసినదాంట్లో నన్ను అన్నిటికంటే కలవరపెట్టినది వేరే ఉన్నది. మీకు నిజంగా పనికివచ్చే ఒకే ఒక ప్రోగ్రాంను మాస్టారికి చూపించలేదు అన్నారు. నియమాలకు భయపడి విద్యార్థి తన అసలు పనిని దాచుకుంటున్నదంటే, ఆ పట్టింపు ఎక్కువైనట్లే. రేపే తీసుకువెళ్లి చూపించండి. ఆయన తిరిగి ఇచ్చేస్తానంటే, ఈ ఒక్కసారికి లెక్క సరిగా వస్తున్నదా లేదా అన్నది మాత్రం చూడమని అడగండి.

వ్యాఖ్య (కనిగిరి, డిప్లొమా విద్యార్థి)

నేను పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివాను. ఎర్రర్ వస్తే ఆ ఆంగ్ల సందేశం చూడగానే కంగారు పుట్టి, చదవకుండానే ప్రోగ్రాంలో ఏదో ఒకటి మార్చి మళ్లీ నడిపిస్తుంటాను. నాలాంటివారు దేని విషయంలో పట్టింపుగా ఉండాలో కూడా చెప్పగలరా, సార్?

సమాధానం (ఒంగోలు అధ్యాపకుడు)

బాబూ, నీవు ఒక్క నియమమే పెట్టుకో. సందేశాన్ని చదవకుండా ప్రోగ్రాంలో ఒక్క అక్షరం కూడా మార్చవద్దు. పైథాన్‌లో ఆ సందేశం పొడుగ్గా ఉన్నా ముందుగా చివరి వరుస చూడాలి. తప్పు ఏ జాతిదో అక్కడ ఉంటుంది. దాని పైన ఫైలు పేరు, వరుస సంఖ్య ఉంటాయి. ఒక నోటు పుస్తకం పెట్టుకొని, ఎడమ వైపు ఆ చివరి వరుసను ఉన్నది ఉన్నట్లు రాసి, కుడి వైపు నీ సొంత తెలుగులో దాని అర్థం రాసుకో. కొత్తవారికి తరచుగా ఎదురయ్యే సందేశాల జాతులు ఇరవైకి మించవని నా అనుభవం. 2021 అక్టోబరులో వచ్చిన 3.10 రూపం నుండి పైథాన్ సందేశాలు బాగా మెరుగుపడ్డాయి. పేరు తప్పు రాస్తే, నీవు రాయదలచినది ఇదేనా అని దగ్గరి పేరును సూచిస్తాయి. కుండలీకరణం మూయకపోతే అది ఎక్కడ తెరుచుకున్నదో చూపిస్తాయి. మీ ప్రయోగశాలలో పాత రూపం ఉంటే కొత్తది పెట్టించమని అడుగు.

పైథాన్ 3లో వేరియబుల్ పేర్లను తెలుగు లిపిలో కూడా రాయవచ్చు. బాకీ, జమ, బస్తాలు అని పేర్లు పెడితే అది ఒప్పుకుంటుంది. అయితే పొల్లు అక్షరం పక్క అక్షరంతో కలిసిపోకుండా ఉండేందుకు కీబోర్డు చేర్చే కంటికి కనిపించని గుర్తు ఒకటి ఉన్నది; అది పేరులో చేరితే మాత్రం ఒప్పుకోదు. బృందంలో పని చేసే రోజు వచ్చేసరికి ఆంగ్ల పేర్లకు మారవలసిందే గాని, ఆలోచన నేర్చుకునే ఈ దశలో అర్థమయ్యే భాషలో పేరు పెట్టుకోవడంలో తప్పు లేదు.

సమాధానం (నెల్లూరు, సాఫ్ట్‌వేర్ పరీక్షల పనిలో ఉన్న ఉద్యోగిని)

ఇతరులు రాసిన ప్రోగ్రాములలో తప్పులు వెతకడమే పన్నెండేళ్లుగా నా వృత్తి. కావలి సోదరి రాసినదాంట్లో నా దృష్టి నేరుగా ట్రై–ఎక్సెప్ట్ మీదకు పోయింది. ఆ నిర్మాణం చెడ్డది కాదు. ఏ తప్పు రావచ్చునో ముందే తెలిసి, ఆ జాతి పేరు చెప్పి పట్టుకుంటే ఎంతో ఉపయోగకరమైనది. జాతి పేరు చెప్పకుండా, ఏ తప్పు వచ్చినా సరే పట్టుకొని నోరు మూయించి ముందుకు పొమ్మంటే మాత్రం, అది దుకాణంలో గుమాస్తాకు నీకు అర్థం కాని పద్దును చించి పారవేయి అని చెప్పినట్లే.

సోదరీ, మీ ఫైలులో జమ మొత్తాన్ని ఎవరైనా 12,500 అని కామాతో రాశారా? మనం లెక్కలు రాసేటప్పుడు కామా పెట్టడం చేతికి అలవాటు. కాగితం మీద అది మంచి అలవాటే. కానీ పైథాన్‌లో కామాతో ఉన్న ఆ వరుసను పూర్ణసంఖ్యగా మార్చమంటే అది మార్చలేనని తప్పు చూపి ఆగిపోతుంది. మొదట్లో మీ ప్రోగ్రాం ఆగిపోవడానికి కారణం అదే కావచ్చు. అప్పుడు అది సరిగానే ప్రవర్తించింది. ఆ పద్దులను వదిలివేస్తూ చివరిదాకా నడుస్తున్న ఇప్పటి ప్రోగ్రాంనే నేను నమ్మను. దయచేసి ఆ భాగాన్ని తీసివేసి ఒకసారి నడిపించి చూడండి.

డబ్బు లెక్కలో మరొక చోట కూడా పట్టింపు అవసరం. పైథాన్‌లో దశాంశ బిందువుతో 0.1కి 0.2 కలిపితే 0.3 రాదు, 0.30000000000000004 వస్తుంది. కంప్యూటర్ ఆ సంఖ్యలను రెండు ఆధారంగా నిల్వ చేస్తుంది కనుక 0.1 దానికి కచ్చితంగా పట్టదు. మనం మూడింట ఒక వంతును దశాంశాలలో పూర్తిగా రాయలేకపోవడం వంటిదే ఇది. బస్తా ధరలో పైసలు ఉంటే మొత్తాన్ని పైసలలోకి మార్చి పూర్ణసంఖ్యలుగా పెట్టుకోండి, లేదా దశాంశాలను కచ్చితంగా లెక్కించే డెసిమల్ అనే మాడ్యూల్ వాడండి.

కోవూరు సోదరుని నారుమడి మాట నాకు నచ్చింది, కానీ అందులో ఒక చిక్కు ఉన్నది. భాషలను తయారు చేసినవారు కూడా మొదట చల్లి, తరువాత నాటినవారే. 1987లో లారీ వాల్ తెచ్చిన పర్ల్ భాషలో వేరియబుల్‌ను ప్రకటించకుండానే వాడవచ్చు. 1994లో ఐదవ రూపం వచ్చినప్పుడు, కావాలనుకున్నవారు పైన ఒక వరుస రాసుకుంటే నిక్కచ్చిగా ఉండే పద్ధతిని అందులో చేర్చారు. 2010లో 5.12 రూపం నుండి, ఆ రూపం కావాలని ప్రోగ్రాం మొదట్లో రాస్తే నిక్కచ్చి పద్ధతి దానంతట అదే అమలులోకి వస్తుంది. జావాస్క్రిప్ట్‌కు కూడా 2009లో అటువంటి పద్ధతి చేరింది. ఆ భాషలోకి తరువాత వచ్చిన క్లాసులు, మాడ్యూళ్లు అనే నిర్మాణాలలో అది వద్దన్నా ఉంటుంది. అందరూ ఒకే వైపు నడవడానికి కారణం, తప్పు పేరుతో మౌనంగా పుట్టుకొచ్చే వేరియబుల్ వంటివి పెద్ద ప్రోగ్రాములలో తెచ్చిపెట్టిన కష్టమే. అందుచేత తొలి రెండు నెలలు ఏ నియమమూ వద్దు అన్న మాటను నేను ఒప్పుకోలేను. శైలి నియమాలు వద్దంటే ఒప్పుకుంటాను. యంత్రం చెప్పే తప్పును దాచకూడదన్న నియమం మాత్రం మొదటి రోజు నుండే ఉండాలి.

అలాగని భాష నిక్కచ్చిదైతే చాలు అనుకోవడానికి కూడా లేదు. శ్రీహరికోట మనకు దగ్గర కనుక రాకెట్ ఉదాహరణే చెబుతాను. ఐరోపా వారి ఏరియన్ 5 రాకెట్ 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుండి తన మొదటి ప్రయాణంలో, ప్రయోగ క్రమం మొదలైన సుమారు 40 సెకన్లకే దారి తప్పి పేలిపోయింది. దాని ప్రోగ్రాం రాసిన అడా, నిక్కచ్చితనానికి పేరు పొందిన భాష. 64 బిట్ల దశాంశ విలువ ఒకదానిని 16 బిట్ల పూర్ణసంఖ్యగా మార్చబోతే అది పట్టలేదు. ఒంగోలు అధ్యాపకుల వారు చెప్పిన 32,767 హద్దే ఇక్కడ కూడా అడ్డు వచ్చింది. అలా ప్రమాదం ఉన్న వేరియబుళ్లు ఏడు ఉన్నాయని రాసినవారికి తెలుసు. ఆ కంప్యూటర్ మీద భారం 80 శాతం మించకూడదన్న లక్ష్యం ఉండడం వల్ల, నాలుగింటికి రక్షణ పెట్టి, మిగిలిన మూడింటి విలువలు హద్దు దాటవని వదిలివేశారు. ఏరియన్ 4 విషయంలో ఆ నమ్మకం నిజమే. కొత్త రాకెట్ దారి వేరు. ఇంకా బాధాకరమైన సంగతి ఏమంటే, ఆ లెక్క చేసే భాగానికి ఏరియన్ 5 నేల విడిచిన తరువాత పనే లేదు. పాత రాకెట్ అవసరం కోసం రాసినది అలాగే నడుస్తూ ఉండిపోయింది. మీ మాస్టారి నియమాలన్నీ తు.చ. తప్పకుండా పాటించిన ప్రోగ్రాం కూడా, ఫైలులో కామా ఎప్పుడూ రాదని మనసులో అనుకొని రాస్తే, అక్కడ ఆగిపోతుంది; ఆ తప్పును నోరు మూయిస్తే తప్పుడు బాకీ తేలుస్తుంది.

ప్రశ్న అడిగిన వారి నుండి (కావలి, పన్నెండు రోజుల తరువాత)

అందరికీ కృతజ్ఞతలు. జరిగినది చెప్పవలసిన బాధ్యత నాకు ఉన్నదని రాస్తున్నాను.

నెల్లూరు అక్కయ్య చెప్పినట్లు ఆ ట్రై–ఎక్సెప్ట్‌ను తీసివేసి నడిపించాను. 41వ పద్దు దగ్గర ఆగిపోయింది. అక్కడ 12,500 అని కామాతోనే ఉన్నది. అది సరిచేస్తే మరింత కిందికి వెళ్లి 40,000 దగ్గర ఆగింది, ఆ తరువాత 8,750 దగ్గర. మొత్తం 61,250 రూపాయల జమ ఇన్నాళ్లూ లెక్కలోకి రాలేదు. ముగ్గురు రైతుల పేరు మీద, వారు కట్టేసిన డబ్బు ఇంకా బాకీగా కనిపిస్తున్నది. ఈ నెలాఖరుకు ఆ ప్రోగ్రాం ఇచ్చిన అంకెలతోనే చీటీలు రాసి పంపాలని అనుకున్నాము. వారిలో ఒకరు మా తాతగారి కాలం నుండి మా దుకాణానికి వస్తున్న పెద్దాయన. కట్టిన డబ్బును మళ్లీ అడిగి ఉంటే ఆయన ముఖం ఎలా చూసేదాన్నో తెలియదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరుసటి రోజు ప్రోగ్రాంను ఉన్నది ఉన్నట్లు మాస్టారి దగ్గరకు తీసుకువెళ్లాను. కోవూరు అన్నయ్య చెప్పినట్లు, ఈసారికి లెక్క మాత్రం చూడమని అడిగాను. ఆయన ఒక గంటసేపు కూర్చొని మొత్తం చదివారు. వరుసల పొడవు గురించి మాట్లాడలేదు. ముందుగా చూపించి ఉంటే బాగుండేదని మాత్రం అన్నారు; ఎందుకు చూపించలేదో నేను చెప్పిన తరువాత కాసేపు మౌనంగా ఉండిపోయారు. రకాల సూచనలను మైపైతో సరిచూడడం వచ్చే నెలలో నేర్పుతానని, అంతవరకు అవి రాయకపోయినా పరవాలేదని చెప్పారు. పేర్ల నియమాన్ని మాత్రం వదలలేదు. అది నాకు కూడా సమ్మతమే, ఎందుకంటే ‘ఎ’, ‘బి’ అని నేను పెట్టిన పేర్లలో ఏది జమో ఏది బాకీయో ఆయనకు వివరించబోయి నేనే రెండుసార్లు తడబడ్డాను.

ఇప్పుడు కామా ఉంటే తీసివేసి చదువుతుంది. అప్పటికీ అంకెగా మారని పద్దు ఏదైనా ఎదురైతే, ఆ పద్దు సంఖ్యను చూపించి ఆగిపోతుంది. మాస్టారి సలహా మీద మూడు ఖాతాలను చిట్టా పుస్తకం నుండి నాన్నగారి చేత చేతి లెక్కగా వేయించి, విడిగా రాసిపెట్టుకున్నాను. ప్రోగ్రాంలో ఏ మార్పు చేసినా ముందు ఆ మూడు ఖాతాలతో పోల్చి చూస్తున్నాను. ఒంగోలు స్నేహితురాలికి ఈ సంగతంతా ఫోనులో చెబితే, తన బిల్లు ప్రోగ్రాంలో కూడా అటువంటి ఎక్సెప్ట్ రెండు చోట్ల ఉన్నదని, వచ్చే ఆదివారం ఇద్దరం కలిసి చూద్దామని అన్నది.

మూడు ఖాతాలలో రెండు పైసాతో సహా సరిపోయాయి. మూడవదానిలో 350 రూపాయల తేడా వస్తున్నది. తడిసిన బస్తా ఒకటి ఆ రైతు తిరిగి ఇచ్చారని, దాని కింద కొంత తగ్గించామని నాన్నగారు గుర్తు చేసుకుంటున్నారు. తిరిగి వచ్చిన సరుకు రాయడానికి నా ఫైలులో అసలు చోటే లేదు. ఈ రాత్రి దుకాణం కట్టేసిన తరువాత ఆ నెల చిట్టా తీసి, ఆ పద్దు వెతుకుతాను.